అత్తయ్య గుమ్మం ముందు గడ్డి కాలువ

వీధి మొదటి ఇల్లు
ఎండలు తగ్గని రోజు

నా గుమ్మం ముందు గొయ్యి తీయించిన మేనకోడలికి,

నీ మేనత్త రాసేది. ఇక్కడ ఎవరికీ క్షేమం లేదు. నువ్వు అక్కడ క్షేమంగా ఉన్నావని విని ఒళ్ళు మండిపోతోంది. ఫోనులో చెబుదామంటే నేను గొంతు పెంచగానే నీకు "సరిగ్గా వినబడట్లేదు అత్తయ్యా" అయిపోతుంది. కాగితం మీదైతే నా మాటకు ఎవరూ అడ్డు రాలేరు. అందుకే ఈ ఉత్తరం.

నిన్న పొద్దున్న తలుపు తీసేసరికి నా గేటు ముందు మనుషులు పలుగులూ పారలూ పట్టుకుని తవ్వుతున్నారు. నీళ్ళ గొట్టం పగిలిందేమో అనుకున్నాను. కాదట, వాననీళ్ళ కాలువట. "సరే, సిమెంటు ఎప్పుడు పోస్తారు?" అని అడిగాను. "సిమెంటు పొయ్యమండీ, గడ్డి వేస్తాం" అన్నాడు ఓవర్సీరు. నాకు నవ్వొచ్చింది. ఈ తెలివి ఎవరిదయ్యా అంటే, "కాలువల ఆఫీసులో కొత్తగా వచ్చిన ఇంజినీరమ్మగారిదండీ, మీకు దగ్గర చుట్టమే అన్నారు" అన్నాడు. దాంతో నవ్వు కాస్తా పోయింది.

ఏమే, వీధిలో ఇన్ని ఇళ్ళుండగా మొదటి పార దెబ్బ మేనత్త గుమ్మానికేనా? నీకు నడక నేర్పిన చేతులివి. నువ్వు గోడ మీద బొగ్గుతో గీసిన గీతలన్నీ మీ నాన్నకి తెలియకుండా తుడిచిన చేతులివి. ఆ గీతలే ఇప్పుడు పెద్దవై నా గేటు ముందు గొయ్యి అయ్యాయి.

పై వీధులు చూడు. నున్నటి సిమెంటు కాలువలు, పైన మూతలు. మాకు మాత్రం గడ్డి! మేమేమన్నా గొడ్లమా? గడ్డి ఉంటే దోమలొస్తాయి. దోమల కోసం కప్పలొస్తాయి. కప్పల కోసం పాములొస్తాయి. పాముల కోసం ఎవరిని పిలవాలో అది కూడా మీ ఆఫీసే చెబుతుందా? ఎదురింటి బ్యాంకాయన మన వీధి సంఘానికి అధ్యక్షుడు కదా, పదవి దిగేలోపు ఇలాంటిది చూడాల్సి వచ్చిందని తల పట్టుకున్నాడు. ఆయన బాధ ఆయన కారు గురించి అనుకో.

వెంటనే దాన్ని పూడ్పించు. లేదా నువ్వే వచ్చి అందులో కూర్చో.

కోపంతో,
మీ అత్తయ్య


కాలువల ఆఫీసు, మేడ మీది గది

అత్తయ్యకి నమస్కారాలు.

నీ ఉత్తరం ఆఫీసులోనే విప్పాను. పక్క బల్ల దగ్గర కూర్చునే ఆవిడ కాగితం వెనక్కి తిప్పి చూసి, "ఎవరండీ ఈవిడ, అక్షరాలు ఇటువైపుకి కూడా దిగిపోయాయి" అంది. మా మేనత్త అని గర్వంగా చెప్పాను.

అది గొయ్యి కాదు అత్తయ్యా. గొయ్యికి లోతు ఉంటుంది. ఇది పళ్ళెం లాంటిది, వెడల్పు ఎక్కువ, లోతు తక్కువ. నువ్వు చెప్పిన నున్నటి సిమెంటు కాలువలో నీళ్ళు పరుగు తీస్తాయి. పైనున్న వాళ్ళకి హాయి. అంత పరుగు మీద వచ్చిన నీళ్ళు కింద ఎవరి మీద పడతాయో పైవాళ్ళు చూడరు. గడ్డిలో అలా కాదు. పరక పరకకీ నీళ్ళు తట్టుకుని నిదానిస్తాయి. తెచ్చిన మట్టిని అక్కడే వదిలేస్తాయి. నేల తాగినంత తాగుతుంది, మిగిలింది మెల్లగా వీధి చివర పెద్ద కాలువలోకి పోతుంది. మర్నాటికి తడి తప్ప ఏమీ మిగలదు. దోమకి గుడ్లు పెట్టే తీరిక కూడా ఉండదు. పాముల సంగతి అంటావా, నీ గొంతు వినబడే దూరంలోకి ఏ పామూ రాదు.

ఇప్పుడు నీతో పనుంది. వాళ్ళు పరిచిన గడ్డి పలకలు వేరు పట్టేదాకా ఎవరినీ తొక్కనివ్వకు. ముఖ్యంగా బండ్లు. ఒక్కసారి చక్రం ఎక్కిందా, గాడి పడుతుంది. వాన వస్తే నీళ్ళు గడ్డిని వదిలేసి ఆ గాడినే పట్టుకుని తవ్వుకుంటూ పోతాయి. అప్పుడది నిజంగానే గొయ్యి అవుతుంది. నాకు ఆఫీసు వాళ్ళు ఈ ఊళ్ళో పని అప్పగించారు, కదలడానికి లేదు. ఓవర్సీరు పొద్దున వచ్చి మధ్యాహ్నానికి పోయే మనిషి. వీధి మొత్తం భయపడే మనిషి ఒక్కరే ఉన్నారు. ఆవిడకి రాస్తున్నాను.

అమ్మ ఎలా ఉంది? నేను ఎప్పుడడిగినా "బాగానే ఉన్నాను" అంటుంది. అంతకు మించి ఒక్క మాట రాదు.

నీ కోడలు పిల్ల


వీధి మొదటి ఇల్లు
మబ్బులు పట్టాయి

ఇంజినీరమ్మగారికి,

పొగిడితే పడిపోయే దాన్ని కాదని నీకు తెలుసు. అయినా పొగిడావు. సరే, విను. నీ గడ్డి మీద నాకు ప్రేమ పుట్టిందనుకోకు. నా గుమ్మం ముందున్న దాన్ని ఎవరో పాడుచేస్తుంటే చూస్తూ ఊరుకోవడం మా వంశంలో లేదు, అంతే.

ముందు పాల వ్యాను వాడు. వ్యాను వెనక్కి తిప్పుకోవడానికి వాడికి నీ గడ్డే దొరికింది. నేను అరిచిన అరుపుకి పాల డబ్బా వదిలేసి పోయాడు. తర్వాత, మేడ మీద గది కట్టుకుంటున్నవాళ్ళు రాళ్ళూ మట్టీ తెచ్చి అందులో కుప్ప పోశారు. "ఖాళీగా ఉంది కదండీ" అంటాడా ఇంటాయన. "మీ బుర్ర కూడా ఖాళీగానే ఉంది, అందులో పోయించనా?" అన్నాను. సాయంత్రానికి ఎత్తించాడు. వీళ్ళకి ఖాళీ కనబడితే చాలు, ఏదో ఒకటి పోస్తేగాని నిద్ర పట్టదు. ఊరంతా ఇలాగే తయారైంది.

వీళ్ళందరినీ మించినవాడు బ్యాంకాయన. కారు రెండు చక్రాలు రోడ్డు మీద, రెండు గడ్డిలో పెడతాడు. "ఎంత బరువుంటుందమ్మా నా కారు" అని నవ్వుతాడు. సంఘానికి అధ్యక్షుడై ఉండి! చక్రాలు దిగినచోట నువ్వు చెప్పినట్టే గాడి పడింది. నేను మట్టి పోసి, ఊడిన గడ్డి పలక మళ్ళీ పరిచి, చెక్క మేకులు కొట్టి, చెంబుతో నీళ్ళు పోశాను. ఈ వయసులో గడ్డికి సేవ! నవ్వకు.

మొన్న చిన్న వాన పడింది. వసారాలో నిలబడి చూశాను. రోడ్డు మీది నీళ్ళు అంచు దాటి గడ్డిలోకి దిగాయి. దిగి, ఎక్కడికి పోవాలో తెలియని కొత్త కోడలిలా నిలబడ్డాయి. తర్వాత మెల్లగా నడిచాయి. బాగుందని నేను అనను. చూశానని చెబుతున్నాను.

ఇక మీ అమ్మ సంగతి. నన్నడుగుతావేం? వీధి మొదట నేను, వీధి చివర ఆవిడ, మా ఇద్దరి మధ్యా మాటలు లేవని నీకు తెలియదా? మా అన్నయ్య, అదే మీ నాన్న, కాలం చేసిన ఏడు పెద్ద వాన పడి మీ ఇంట్లోకి నీళ్ళొచ్చాయి. మర్నాడు మీ అమ్మ నా గేటు దగ్గరకొచ్చి, "నీ ఇంటి ముందు నీళ్ళు నా ఇంట్లో తేలాయి" అంది. "నీళ్ళకి నేనేమన్నా దారి చూపించానా వదినా?" అన్నాను. అందులో తప్పేముంది? పల్లానికి పోవడం నీళ్ళ గుణం. అంతే, ఆ రోజు తిప్పుకున్న మొహం ఇప్పటికీ ఇటు తిప్పలేదు. ఇప్పుడు కూడా ముందుగదిలో కూర్చుని ఊళ్ళోవాళ్ళ చిరిగిన పుస్తకాలు కుట్టుకుంటూ, అట్టలు అతికించుకుంటూ ఉంటుంది. మొన్న చినుకులు పడ్డప్పుడు మాత్రం చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడి వీధి పైకి చూస్తోంది. నేను కనబడగానే లోపలికి పోయింది.

అత్తయ్య


కాలువల ఆఫీసు, మేడ మీది గది

అత్తయ్యా,

చెక్క మేకులు కొట్టావా! ఆ వాక్యం రెండుసార్లు చదువుకున్నాను.

ఒక మాట నీకు చెప్పకుండా దాచాను. ఇప్పుడు చెప్పాలి. మా ఆఫీసులో పెద్దవాళ్ళకి గడ్డి మీద నమ్మకం లేదు. వాళ్ళకి సిమెంటు గొట్టం ఒక్కటే తెలుసు. నేను పోట్లాడి ఈ ఒక్క వీధికి ఒప్పించాను. ఈ వానాకాలం చూస్తారు. వీధి చివరి ఇంట్లోకి నీళ్ళు వెళ్ళాయా, గడ్డి తీసేసి పూడ్చి, సన్న గొట్టాలు వేస్తారు. ఆ గొట్టాలు నాలుగు ఆకులు అడ్డుపడితే మూసుకుపోతాయి. మొదటి ఏడు బాగానే ఉంటాయి. తర్వాత వీధి చివర పాత కథే. మళ్ళీ ఎవరూ ఈ వీధి మొహం చూడరు.

చివరి ఇల్లు ఎవరిదో నీకు చెప్పక్కర్లేదు.

ఈ వీధినే ఎందుకు ఎంచుకున్నావని ఆఫీసులో అడిగితే వాలు బాగుందని రాశాను. వాలు నిజమే. కానీ అసలు సంగతి వేరు. నాన్న పోయాక మబ్బు పడితే చాలు, అమ్మ పడుకోవడం మానేసింది. పగలైనా రాత్రయినా వాన కురుస్తున్నంతసేపూ గుమ్మం దగ్గర స్టూలు వేసుకుని కూర్చుంటుంది. నీళ్ళు మెట్టు ఎక్కుతున్నాయా అని చూస్తూ ఉంటుంది. ఆవిడ దగ్గర ఉన్నవన్నీ ఊళ్ళోవాళ్ళ పుస్తకాలు, తడిస్తే మళ్ళీ దొరకనివి. నేను చదువుకున్నన్నాళ్ళూ వానాకాలమంతా ఆవిడ వీపు చూస్తూ చదువుకున్నాను. ఉద్యోగం వచ్చాక నా దగ్గరికి వచ్చెయ్యమన్నాను. "ఇన్ని పుస్తకాలు ఎక్కడ మోస్తావే" అంది. అందుకని కాలువ గీశాను. నాకు వచ్చిన పని అదొక్కటే.

అత్తయ్యా, ఇది ఎవరికీ చెప్పకు, అమ్మకి అసలే చెప్పకు. గడ్డి మరీ పొట్టిగా కోయనివ్వకు, నేల కనబడకూడదు. మధ్యలో పూలమొక్కలు పెడతామని ఎవరన్నా వస్తే తరిమెయ్యి. పెద్ద వానలు రాకముందే గాడి అన్నది లేకుండా చూడు.

నీ కోడలు పిల్ల


వీధి మొదటి ఇల్లు
పెద్ద వానకి ముందు

నా పిచ్చి తల్లీ,

నీ ఉత్తరం చదివాను. నాకు ముందే చెప్పి ఉండాల్సింది. మీ అమ్మ స్టూలు వేసుకుని కూర్చుంటుందని నాకెవరు చెప్పారు? ఒకే వీధిలో ఉండి నాకు తెలియదు చూడు. ఆవిడన్నా చెప్పిందా! అభిమానం పోగేసుకుని దాని మీద కూర్చుంటుంది, కింద నీళ్ళొస్తున్నా దిగదు. మనిషన్నాక నోరు తెరవాలి.

ఇక దిగులు పడకు. గడ్డిని కాపాడే సంగతి నాకు వదిలెయ్యి. కర్ర పట్టుకుని రోజంతా నిలబడడం అయ్యే పని కాదని, దానికి శాశ్వతంగా ఒక ఏర్పాటు చేశాను. ఏం చేశానో ఇప్పుడు చెప్పను. నువ్వు వచ్చి చూసి నోరు వెళ్ళబెట్టాలి. ఒక్కటి మాత్రం చెబుతాను. ఇక ఈ వీధిలో ఏ చక్రమూ గడ్డిని ముట్టుకోలేదు. బ్యాంకాయన కారు కూడా బుద్ధిగా తన గేటు లోపల ఉంటోంది.

ఆ బ్యాంకాయన చేసిన పని విను, రక్తం ఉడుకుతుంది. మొదట వద్దన్నది ఆయనే. పని అయ్యాక చూడముచ్చటగా ఉందని అందరూ మెచ్చుకునేసరికి, సంఘం మీటింగులో లేచి నిలబడి "మా హయాములో జరిగిన సుందరీకరణ" అని చప్పట్లు కొట్టించుకున్నాడు. ఆలోచన నాది. మేస్త్రీని పిలిపించింది నేను. ఎండలో దగ్గర నిలబడి తాడు పట్టించింది నేను. సుందరీకరణ ఆయనది! ఆయన మొహం ఎవరు సుందరీకరిస్తారో చూద్దాం.

పోనీలే. గడ్డి పచ్చగా, ఒత్తుగా ఉంది. పెద్ద వాన రానీ. మీ ఆఫీసువాళ్ళని కుర్చీలు వేసుకుని కూర్చుని చూడమను.

అత్తయ్య


వీధి మొదటి ఇల్లు
వాన వెలిసింది

నీకు,

మీ అమ్మ ఇంట్లోకి నీళ్ళు వెళ్ళాయి.

ఆవిడ నీకు చెప్పదు కాబట్టి నేనే రాస్తున్నాను. నిన్న మధ్యాహ్నం మొదలైన వాన సాయంత్రానికిగాని తగ్గలేదు. నేను వసారాలోంచి చూస్తూనే ఉన్నాను. రోడ్డంతా ఏరైపోయింది. అంచుల దాకా నిండి, ఎర్రగా, వీధి చివరికి ఒకటే ఉరుకు. మరి నీ గడ్డి కాలువ ఏం చేసిందో తెలుసా? ఏమీ చెయ్యలేదు. దాని మీద పడిన చినుకులు తప్ప అందులో ఒక చెంబు నీళ్ళు లేవు. పక్కనే ఏరు పోతుంటే ఏమీ పట్టనట్టు పచ్చగా కూర్చుంది. ఇన్ని నెలలు దానికి నేను చేసిన సేవ గుర్తొచ్చి నాలుగు తన్నాలనిపించింది.

గొడుగు వేసుకుని కిందికి పరిగెత్తాను. అప్పటికే నీళ్ళు మెట్టు దాటి ముందుగదిలోకి వచ్చేశాయి. బడి పిల్లల పుస్తకాలు, ఎవరో పెద్దాయన తన తండ్రి చేతిరాతని కుట్టించుకుందామని ఇచ్చిన కాగితాలు, అట్టలు, అన్నీ తడిసి ముద్దయ్యాయి. మీ అమ్మ ఒక్కొక్కటీ ఎత్తి మంచం మీద పెడుతోంది. మంచం నిండిపోయింది. నేను గుమ్మంలో నిలబడ్డాను. నా వైపు చూసింది. మళ్ళీ పుస్తకాలు ఎత్తడంలో పడింది. తిట్టినా బాగుండేది. నేను తడి అట్టలు రెండు అందుకున్నాను. నా చేతిలోంచి మెల్లగా తీసుకుని, "ఇవి అలా పట్టుకుంటే విరుగుతాయి" అంది. ఇన్నేళ్ళ తర్వాత ఆవిడ నాతో అన్న మొదటి మాట అది.

ఈ పొద్దున మీ ఆఫీసువాళ్ళు వచ్చి గోడ మీద తడి మరక చూసి రాసుకుపోయారు. వచ్చే వారం గొట్టాలు దింపుతారట. "గడ్డి పనిచెయ్యదని మేం ముందే అన్నాం" అని నవ్వాడు ఒకడు. వాడి నవ్వు చూసి నాకు నీ మీద కోపం వచ్చింది. ఇంత చదువు చదివి, తల్లి ఇంట్లోకి నీళ్ళు రాకుండా ఒక్క కాలువ సరిగ్గా గీయలేకపోయావా?

అత్తయ్య


కాలువల ఆఫీసు, మేడ మీది గది

అత్తయ్యా,

అమ్మ ఫోనులో "బాగానే ఉన్నాను, వాన బాగా పడింది" అంది. నీ ఉత్తరం చదివాక బాత్రూములోకి వెళ్ళి ఏడ్చాను. తర్వాత మొహం కడుక్కుని నీ ఉత్తరం మళ్ళీ చదివాను. ఈసారి ఏడుపు రాలేదు, కోపం వచ్చింది.

గడ్డి పనిచెయ్యలేదని అందరూ అంటున్నారు. గడ్డికి పని ఇస్తే కదా చెయ్యడానికి! కాలువ నిండి పొర్లి ఉంటే నా లెక్క తప్పు, ఒప్పుకుంటాను. గడ్డి కొట్టుకుపోయి ఉంటే నా లెక్క తప్పు. కానీ నువ్వు రాసింది చూడు. పక్కన రోడ్డు ఏరైపోతుంటే కాలువలో చెంబుడు నీళ్ళు లేవన్నావు. చిన్న వాన రోజున రోడ్డు మీది నీళ్ళు అంచు దాటి గడ్డిలోకి దిగాయని నువ్వే రాశావు. గడ్డి అంచు రోడ్డు కంటే రెండు వేళ్ళు కిందికి ఉండేలా ఓవర్సీరుకి కొలత రాసిచ్చి వేయించాను, దిగకపోవడానికి వీల్లేదు. చిన్న వానకి దిగిన నీళ్ళు పెద్ద వానకి ఎందుకు దిగలేదు? మధ్యలో ఏదో అడ్డం వచ్చింది.

ఆ మధ్య నువ్వు చేసిన ఏర్పాటు ఏమిటో చెప్పలేదు. తాడు పట్టించానన్నావు. మేస్త్రీని పిలిపించానన్నావు. అత్తయ్యా, మేస్త్రీ ఏం కట్టాడు?

నన్ను సంజాయిషీ అడిగారు. అది పెద్ద విషయం కాదు, ఇంకో ఉద్యోగం చూసుకుంటాను. అమ్మ మాత్రం జన్మంతా గుమ్మంలో అలా స్టూలు మీదే కూర్చుంటుంది. గొట్టాలు దిగేలోపు నాకు జవాబు కావాలి.

నీ కోడలు


వీధి మొదటి ఇల్లు
గొట్టాల లారీ వెళ్ళిపోయాక

అమ్మాయ్,

గట్టు కట్టించాను. చాలా?

రోడ్డుకీ గడ్డికీ మధ్య, నా గేటు దగ్గర మొదలుపెట్టి వీధి చివరిదాకా, జానెడు ఎత్తు రాతి గట్టు. మధ్యలో ఒక్క సందు కూడా లేకుండా. సందు ఉంటే బ్యాంకాయన అందులోంచి కూడా కారు దూరుస్తాడని. పైన తెల్ల సున్నం కూడా కొట్టించాను. చక్రాలు ఎక్కకుండా కట్టాను, నీళ్ళు కూడా ఎక్కలేకపోయాయి. నీ ప్రశ్న చదివిన క్షణంలో అర్థమైంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునే దాన్ని కాను నేను, కానీ ఆ పూట తడుముకున్నాను. మొదట నీ మీద మండిపడ్డాను, ముందే చెప్పొచ్చు కదా అని. తర్వాత మేస్త్రీ మీద. తర్వాత మండిపడడానికి ఎవరూ మిగల్లేదు.

గునపం తీసుకుని వీధిలోకి వెళ్ళాను. మొదటి దెబ్బకి చెయ్యి జివ్వుమంది, రాయి కదల్లేదు. నాలుగో దెబ్బకి పెళ్ళ లేచింది. జనం పోగయ్యారు. బ్యాంకాయన పరిగెత్తుకొచ్చి, "అది సంఘం ఆస్తమ్మా, పగలగొడితే కేసు అవుతుంది" అన్నాడు. సరిగ్గా అప్పుడే మీ ఓవర్సీరు, గొట్టాల లారీ, దాని వెనక జీపులో మీ పెద్దాఫీసరు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

పెద్దాఫీసరు గట్టు చూసి మొహం చిట్లించాడు. "ఇది ఎవరు పెట్టించారు?" అన్నాడు. బ్యాంకాయన ఏమన్నాడో తెలుసా? మొన్న చప్పట్లు కొట్టించుకున్న నోటితోనే, "మీ ఇంజినీరమ్మ డ్రాయింగులోనే ఉందండీ, మేం కాదనలేకపోయాం" అన్నాడు.

అమ్మాయ్, నాకు జీవితంలో చాలాసార్లు కోపం వచ్చింది. అలాంటిది ఎప్పుడూ రాలేదు. గునపం కింద పడేశాను, చేతిలో ఉంటే ప్రమాదమని. వీధి వీధంతా వినేలా అరిచాను.

"ఆ పిల్ల డ్రాయింగులో గట్టు లేదు! కట్టించింది నేను. నా బుద్ధితో నేను కట్టించాను. మా వదిన ఇంట్లోకి నీళ్ళు పంపింది గడ్డి కాదు, నేను. రాసుకోండి. ఆ పిల్లని అడిగిన సంజాయిషీ నన్ను అడగండి, నేను ఇస్తాను!"

అరిచాక చూస్తే మీ అమ్మ వీధిలో నిలబడి ఉంది. ఎప్పుడు పైకి నడిచి వచ్చిందో తెలియదు. చేతులకి జిగురు. అంతా విన్నది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆవిడ వచ్చి గునపం తీసుకుంది. "మొత్తం పగలగొట్టకు, మళ్ళీ కార్లు ఎక్కుతాయి. మధ్యమధ్య తియ్యి, చాలు" అంది. తనే ఒక రాయి లేపింది. అదీ మీ అమ్మ. నేను లోకమంతా దద్దరిల్లేలా అరిస్తే, ఆవిడకి రాళ్ళ లెక్క కావాలి.

పెద్దాఫీసరు కాగితం మీద ఏవో లెక్కలు గీసుకున్నాడు, ఓవర్సీరుతో గొణుక్కున్నాడు. చివరికి ఇంకో పెద్ద వాన దాకా ఆగుతామన్నాడు. గొట్టాలు మాత్రం వీధి మొగలోనే దింపించాడు, మమ్మల్ని బెదిరించడానికన్నట్టు. పోతూ పోతూ నాతో, "మీరు ఏమీ చెయ్యకుండా ఉంటే బాగుండేది" అన్నాడు. "మీరు ముందే ఈ వీధికి ఏదో ఒకటి చేసి ఉంటే నాకీ ఖర్మ పట్టేది కాదు" అన్నాను. ఏం, తప్పా?

అత్తయ్య


కాలువల ఆఫీసు, మేడ మీది గది

అత్తయ్యా,

నీ ఉత్తరం చదివి, గట్టు సంగతి మా పెద్దాఫీసరుకి నేనే మళ్ళీ రాసి పంపాను. నువ్వు వీధిలో అరిచావని ఆయన నాకు ముందే చెప్పాడు. ఆ చెప్పడంలో కాస్త భయం కనబడింది.

కోపం నా మీద కూడా ఉంది నాకు. గడ్డిని తొక్కనివ్వొద్దని నీకు పేజీలు పేజీలు రాశాను. నీళ్ళు ఏ పక్క నుంచి దిగుతాయో, ఆ అంచు ఎప్పుడూ తెరిచి ఉండాలని ఒక్క ముక్క రాయలేదు. ఆఫీసులో మాకు అది అన్నం తినేటప్పుడు నోరు తెరవాలన్నంత మామూలు సంగతి. మామూలు సంగతిని ఎవరికీ చెప్పం, వాళ్ళకి తెలియలేదని కోప్పడతాం.

సందులు ఎక్కడెక్కడ తీశారో కొలిచి పంపగలవా? వాన వస్తే వెంటనే రాయి. మంచిదైనా, చెడ్డదైనా. అమ్మ ఎలా ఉందని నిన్నే అడుగుతాను. ఆవిడని అడిగితే సంగతి తెలుస్తుందా?

నీ కోడలు పిల్ల


వీధి చివరి ఇల్లు
వాన కురుస్తూండగా

అమ్మాయ్,

పై అడ్రసు చూసి కంగారు పడకు. మీ అమ్మ ఇంట్లో, మీ అమ్మ స్టూలు మీద కూర్చుని రాస్తున్నాను. భోజనాలయ్యాక మబ్బు పట్టి వాన మొదలైంది. నేను గొడుగు తీసుకుని ఇటు వచ్చేశాను. వచ్చేటప్పుడు ప్రతి సందు దగ్గరా ఆగి చూశాను. రాళ్ళు తీసిన ప్రతి చోటా రోడ్డు మీది నీళ్ళు లోపలికి మళ్ళుతున్నాయి. గడ్డి అంతా వంగి, నీళ్ళ కింద మెల్లగా కదులుతోంది. బ్యాంకాయన కిటికీలోంచి చూస్తున్నాడు. చూడనీ. రేపు మీటింగులో ఇది కూడా ఆయన హయామే.

అప్పటినుంచి వాన తగ్గలేదు. ఆ రోజు వానకి ఇది ఏమాత్రం తీసిపోదు. వీధి చివర పెద్ద కాలువలోకి నీళ్ళు పోతున్న చప్పుడు ఇక్కడిదాకా వినబడుతోంది. మీ గుమ్మం మెట్టు కింద పాదం మునిగేటంత నీళ్ళు కూడా లేవు. నేను చూస్తూనే ఉన్నాను, రాస్తూనే ఉన్నాను. మీ ఆఫీసువాళ్ళు వచ్చి గొట్టాలు ఎత్తుకుపోవచ్చు. లారీ కూలి నన్నడగొద్దని చెప్పు.

అన్నట్టు మీ అమ్మ నన్ను క్షమించిందా అని అడుగుతావేమో. నాకు తెలియదు. నేను రాగానే, "వదినా, ఏదో ఒకటి అను, తిట్టు, నాకు ఊపిరాడట్లేదు" అన్నాను. "కోపం తెచ్చుకోవాలంటే పని ఆపాలి, ఆ పెద్దాయన కాగితాలు ఇంకా ఆరలేదు" అంది. చేతిలో దారం పెట్టి పట్టుకోమంది. గట్టిగా పట్టుకుంటే తెగుతుందని, వదులుగా పట్టుకుంటే జారుతుందని ఆ కాసేపూ సాధించింది. ఆ సాధింపు వింటుంటే నాకు ప్రాణం లేచొచ్చింది.

వాన జోరందుకోగానే ఆవిడ అలవాటుగా స్టూలు తెచ్చి గుమ్మంలో వేసుకుంది. నేను లాక్కున్నాను. "నేను చూస్తాను, నువ్వు పోయి కాసేపు నడుం వాల్చు" అన్నాను. "నువ్వు చూడలేవు" అంది. "ఎందుకు చూడలేను, నాకు కళ్ళు లేవా?" అన్నాను. మెట్టు వైపు చూసింది, నా వైపు చూసింది. తర్వాత వెళ్ళి మంచం మీద పడుకుంది. ఊరికే కళ్ళు మూసుకుంటుందిలే, చప్పుడు పెరిగితే లేచి వస్తుందిలే అనుకున్నాను.

అమ్మాయ్, ఎంత అన్యాయమో చూడు. బయట ఆకాశం చిల్లు పడినట్టు కురుస్తోంది. నేను ఇక్కడ మెట్టు మీద కళ్ళు పెట్టుకుని, కాళ్ళు తిమ్మిరెక్కి, ఒక్క ముక్క మాట్లాడే దిక్కు లేక కూర్చున్నాను. మీ అమ్మ గుర్రు పెట్టి నిద్రపోతోంది.

అత్తయ్య